రైతు పేరు దాల్చిన చుట్ట

క్యూబా ద్వీపమున 1997లో వెలువడిన ఒక మేలురకపు చుట్టనుగూర్చిన పాఠము

సంతకు పోయిన రైతునకు తన సరకునకు వచ్చిన ధర తెలియును. సంత దాటిన పిమ్మట ఆ సరకు ఏ పేర పిలువబడునో, ఎంతకు అమ్ముడుపోవునో ఆతనికి తెలియదు. ధాన్యము మిల్లుదారుని పేర బియ్యమగును; ప్రత్తి మిల్లు పేర బట్టయగును; పొగాకు కంపెనీ పేర సిగరెట్టో చుట్టయో యగును. పండించినవాని పేరు మాత్రము కళ్ళములోనే నిలిచిపోవును.

ఇది లోకమంతట నున్న రీతియే. అయినను ఒక రైతు జీవించియుండగనే ఆతని యింటిపేరు ఒక మేలురకపు చుట్టకు పెట్టబడి, ఆ పెట్టెలు దేశదేశముల అంగళ్ళకు పోయిన ఉదాహరణ మొకటి కలదు. ఆ పేరు ఎట్లు వచ్చెను? అది దేనికి గుర్తు? దానివలన రైతునకు కలిగిన దేమి, కలుగని దేమి? ఈ మూడు ప్రశ్నలును సహకార సంఘ సభ్యులు ఆలోచింపదగినవి గనుక ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. నేల

క్యూబా యనునది కరిబియను సముద్రమునందలి పెద్ద ద్వీపము. దాని పడమటి కొనయందు పినార్ దెల్ రియో అను మండలము కలదు. అందులో వుయెల్టా అబాహో యను ప్రాంతము చుట్టపొగాకునకు లోకప్రసిద్ధము. సాన్ లూయీస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ అను రెండు ఊళ్ళ చుట్టుపట్లనున్న ఇసుకపాలు గల నేలలు అన్నిటికంటె మేలైనవని పేరు. అచ్చట పొగాకుతోటను 'వేగా' యందురు. ఆ మాటకు నదియొడ్డున నుండు సారవంతమైన పల్లపునేల యని మొదటి అర్థము. మన గోదావరి లంకభూముల నెరిగినవారికి ఈ అర్థమును వేరుగ విప్పి చెప్ప నక్కరలేదు.

2. రైతు

సాన్ లూయీస్ దాపున 1845వ సంవత్సరమునుండి పొగాకు సేద్యము చేయుచున్న కుటుంబ మొకటి కలదు. ఆ యింట 1919లో అలెహాండ్రో రొబాయినా జన్మించెను. బాల్యమునుండియు తండ్రితాతల యొద్దనే పని నేర్చుకొనెను.

1959లో క్యూబాయందు విప్లవము జరిగి, ప్రభుత్వము మారెను. 1959లోను, 1963లోను వచ్చిన భూసంస్కరణ శాసనములచే పెద్ద కమతములు ప్రభుత్వపరమయ్యెను. చిన్న రైతులు కొందరు తమ భూములను కలిపి ఉమ్మడి సేద్యమునకు పూనుకొనిరి. రొబాయినా మాత్రము తన తోటను తన కుటుంబముతోనే సాగుచేసికొందునని నిలిచెను. ఆ తోట ఆ కుటుంబము చేతనే యుండెను.

ఇచ్చట మన సభ్యులు ఒక సంగతి గమనింపవలెను. సహకారమనగా గట్లు చెరపి భూములను కలుపుట యొక్కటే యని కొందరి భ్రమ. క్యూబాలోనే రెండు విధములైన రైతుసంఘములు కలవు. ఒకదానిలో సభ్యులు భూములనే కలిపి ఉమ్మడిగా సేద్యము చేయుదురు. రెండవదానిలో ఎవరి భూమి వారిదే. అప్పు తెచ్చుకొనుట, పనిముట్లు, అమ్మకము మొదలగు విషయములందు మాత్రము కలిసి పనిచేయుదురు. ఈ రెండవ రకము మన ఋణసంఘములకును, క్రయవిక్రయ సంఘములకును దగ్గర చుట్టము. సేద్యము ఎవరికి వారు చేసికొన్నను, ఒంటరిగ నెగ్గజాలని పనులందు పదిమంది కలియుటయే సహకారమునకు ప్రాణము.

3. ఆకు వెనుకనున్న శ్రమ

చేతితో చుట్టిన మేలిచుట్టయందు మూడు విధములైన ఆకు లుండును. రుచిని, ఘాటును ఇచ్చునది లోపలి ఆకు. దానిని చెదరకుండ పట్టియుంచునది కట్టు ఆకు. కంటికి కనబడునది పై ఆకు. లోపలి ఆకును, కట్టు ఆకును ఎండలో పెంచుదురు. పై ఆకును పెంచు పైరుమీద మాత్రము పొలమంతయు కప్పునట్లు పలుచని గుడ్డతో పందిరి వేయుదురు. ఎండ వడకట్టబడి తగులుటచే ఆకు వెడల్పుగను, పలుచగను, మృదువుగను పెరుగును.

పై ఆకునకు పురుగు కొట్టిన చిల్లి పనికిరాదు; లావు ఈనె పనికిరాదు; మచ్చ పనికిరాదు; రంగు అంతటను ఒకేరీతి నుండవలెను. కప్పు క్రింద పెంచిన పంటలోనైనను ఈ పరీక్షకు నిలుచు ఆకు కొంత భాగమే. నిలువని ఆకు తక్కువ తరగతికి దిగిపోవును. రొబాయినా తోటలో పరీక్షకు నిలుచు ఆకు ఇతరుల తోటలయందుకంటె చాల అధికముగ వచ్చుచుండెనని ప్రసిద్ధి. ఆతని పేరునకు పునాది యిదియే. ఆతడు కనిపెట్టిన క్రొత్త విత్తనముగాని, రహస్యపు ఎరువుగాని దానికి కారణమని ఎవరును చెప్పలేదు. చేయవలసిన పనిని చేయవలసిన దినమున చేయుటయే ఆతని విద్య.

ఆ పనుల వరుస యిట్టిది. నారుమడిలో సుమారు 45 దినములు పెరిగిన నారును తీసి నాటుదురు. మొక్క ఎదిగిన పిదప పూమొగ్గను త్రుంచివేయుదురు. అందుచే బలము ఆకులకు పోవును. త్రుంచిన పిదప ప్రక్కల పిలకలు పుట్టును. వానిని మరల మరల గిల్లివేయవలెను. ఆకును ఒక్కసారిగా కోయరు. అడుగునుండి పైకి, ఒక్కొక్క మారు రెండుమూడు ఆకుల చొప్పున, నడుమ కొన్ని దినములు విడిచి, చేతితో విరిచెదరు. తొందరపడి విరిచినచో ఆకు ముదురదు. ఆలస్యమైనచో ముదిరి చెడును.

విరిచిన ఆకులను జతలుగ దారముతో కుట్టి, పొడవైన కఱ్ఱలమీద వ్రేలాడదీసి, పెద్ద పాకలలో సుమారు 50 దినములు గాలికి ఆరబెట్టుదురు. తేమ హెచ్చినప్పుడు ఒకరీతిగను, తగ్గినప్పుడు ఒకరీతిగను తలుపులు తెరచుటయు, మూయుటయు, కఱ్ఱలను ఎత్తు మార్చుటయు జరుగుచుండును. పచ్చనియాకు పసుపై, పసుపు గోధుమవన్నెయై తిరుగువరకు పాకను కనిపెట్టి యుండవలెను. తరువాత ఆకును మండెలు వేయుదురు. మండెలో వేడి పుట్టి ఆకులోని కాఱు విరుగును. వేడి మితిమీరినచో మండె విప్పి, చల్లార్చి, తిరుగవేయుదురు. లోపలి ఆకునకు ఈ పని రెండు మారులు జరుగును. ఆ పిమ్మట తరగతులు ఏర్చి, ఈనెలు తీసి, మూటలు కట్టి, ఆకు రకమునుబట్టి కొన్ని నెలలు మొదలు రెండు సంవత్సరముల వరకు మాగనిత్తురు. పై ఆకును పరిమాణము, రంగు, పలుచదనములనుబట్టి పదులకొలది తరగతులుగ ఏర్చుదురు. చుట్టలు చుట్టిన తరువాతను, ఒక పెట్టెలోనివన్నియు ఒకే వన్నెగ నుండునట్లు మరల ఏర్చుదురు.

ఈ పనులలో ఎరువు సంచి కొన్నంతమాత్రమున జరుగునది ఒక్కటియు లేదని మన రైతులు గుర్తింపవలెను. కన్ను, చేయి, ఓర్పు — ఈ మూడే అచ్చటి పెట్టుబడిలో పెద్ద భాగము.

4. క్రొత్త పేరు వెలువడుట

క్యూబాలో పొగాకు వర్తకము ప్రభుత్వపు చేతిలోనిది. రైతు పంటలో అధికభాగమును నిర్ణయించిన ధరకు ప్రభుత్వసంస్థకే ఒప్పగింపవలెను. 1962లో అమెరికా సంయుక్తరాష్ట్రములు క్యూబా సరకులను నిషేధించుటచే ఆ పెద్ద సంత మూతపడెను. 1991లో సోవియట్ రాజ్యము విడిపోవుటతో ఎరువులు, నూనెలు వచ్చు మార్గము తెగి, అచ్చటి వ్యవసాయము మిక్కిలి ఇక్కట్లపాలయ్యెను. ఆ కాలముననే ఇతరదేశముల ధనికులలో మేలిచుట్టలపై మోజు హెచ్చెను. ఎగుమతి చుట్టలను అమ్ముటకై 1994లో హబానోస్ అను సంస్థ యేర్పడెను. ఆ సంస్థ ప్రాతపేర్లతోపాటు క్రొత్తపేర్లను గూడ వరుసగ బయలుదేర్చెను: 1996లో కువాబా, 1997లో వేగాస్ రొబాయినా, 1998లో త్రినిదాద్, 1999లో సాన్ క్రిస్తోబల్ దె లా హబానా.

వీనిలో వేగాస్ రొబాయినా యనగా 'రొబాయినావారి తోటలు' అని యర్థము. ప్రాత చుట్టలపేర్లు పెక్కు కర్మాగారపు యజమానులవి, కొన్ని కథానాయకులవి, కొన్ని ఊళ్ళవి. ఇది మాత్రము బ్రతికియున్న రైతుది. అప్పటికి ఆతనికి 78వ యేడు. ఈ చుట్ట ఐదు పరిమాణములతో వెలువడెను. అన్నిటికంటె పొడవైన దానికి, సుమారు 19 సెంటీమీటర్ల దానికి, 'డాన్ అలెహాండ్రో' అని రైతు పేరే పెట్టిరి. తక్కినవి క్లాసికో, ఫామిలియార్, ఊనికో, ఫమోసో. ఫామిలియార్ అనగా కుటుంబమునకు సంబంధించినది. చుట్టకు తగిలించిన కాగితపు పట్టెమీదను, పెట్టెమీదను ఆ కుటుంబపు పేరే. దూరదేశములనుండి కొనుగోలుదారులు ఆ తోటను వెదకికొని రాసాగిరి. ఆతడు వారిని ఇంటి వసారాలో కూర్చుండబెట్టుకొని మాటలాడుచుండువాడు. 2010 ఏప్రిలులో, 91 సంవత్సరముల వయస్సున, ఆతడు మరణించెను. తోటను మనుమడు చేపట్టెను.

5. పేరు దేనికి గుర్తు?

పెట్టెమీద రొబాయినా పేరున్నను, లోపలి చుట్టలోని ఆకంతయు ఆతని తోటలో పండినది కాదు. అది సాధ్యము కాదు. ఒక్క చుట్టలోనే మూడు విధముల ఆకులు, వేరువేరు తోటలవి, వేరువేరు సంవత్సరములవి కలియును. ఆ మండలములోని పెక్కుమంది రైతుల ఆకు ఆ పెట్టెలోనున్నది. అట్లయినచో ఆ పేరు దేనికి గుర్తు? ఒక శ్రద్ధకు గుర్తు. ఇట్టి శ్రద్ధతో పెంచి ఏర్చిన ఆకు ఇందున్నదని కొనువానికి ఇచ్చిన మాట యది. ఆ మాటను ఒక్క రొబాయినాయే నిలుపజాలడు. ఆకు ఒప్పగించిన ప్రతి రైతును, చుట్టిన ప్రతి పనివాడును నిలుపవలెను.

ఇక రెండవ సంగతి. పేరు రైతుది, అమ్మకపు హక్కు సంస్థది. ధర నిర్ణయించునది ప్రభుత్వము. పరదేశపు అంగడిలో వచ్చు లాభములో పెద్దభాగము ఆకు పండించినవాని యింటికి చేరదు. 2000వ సంవత్సరమున హబానోస్ సంస్థలో సగము వాటాను పరదేశపు కంపెనీ కొనెను. రైతునకు గౌరవము వచ్చెను. తన ఆకుధరను తాను నిర్ణయించు అధికారము మాత్రము రాలేదు. పెట్టెమీద పేరున్నంతమాత్రమున పద్దుపుస్తకములో వాటా యున్నట్లు కాదు. ఈ రెంటికిగల భేదమును సహకారులు మరువరాదు. పేరును, పద్దును రెంటిని రైతులచేతిలోనే నిలుపుటకు ఉద్దేశింపబడిన యేర్పాటు సహకార సంఘ మొక్కటియే.

6. మన లంకల మాట

గోదావరి లంకలలో పండు పొగాకు చుట్టలకు ప్రసిద్ధము. వరద తీసిన పిదప నిలుచు ఒండ్రునేలయే దాని బలము. ఆ ఆకుతో చేసిన చుట్టలు ఆంగ్లేయుల కాలముననే పరదేశములందు 'లంకా' అను పేర చెలామణియయ్యెను. 1890లో వెలువడిన ఆర్థర్ కోనన్ డాయిల్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో అపరాధపరిశోధకుడు పొగాకుల బూడిదనుబట్టి మనుష్యుని గుర్తించు విద్యనుగూర్చి మాటలాడుచు ఈ లంకా చుట్టను పేర్కొనును. లండను చదువరికి గుర్తు చిక్కునంతగా మన నేలపేరు అప్పటికే వ్యాపించియుండెను. ఆ పేరు మోసినది ఏ రైతు? ఎవరికిని తెలియదు. పేరు సముద్రము దాటెను. రైతు లంకలోనే యుండెను.

1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము స్థాపింపబడెను. 1976లో గుంటూరు ముఖ్యస్థానముగ టొబాకో బోర్డు ఏర్పడెను. మన దేశమున 1999లో చేయబడి 2003లో అమలునకు వచ్చిన భౌగోళిక గుర్తింపు శాసనముచే, ఒక ప్రదేశపు సరకు పేరును ఆ ప్రదేశపు ఉత్పత్తిదారులే కలిసి కాపాడుకొనవచ్చును. అది ఒక వ్యక్తికిగాని, ఒక కంపెనీకిగాని సొంతమగు పేరు కాదు. ఉత్పత్తిదారుల సమూహమునకు చెందినది. కావున ఇట్టి పేరును నిలుపుటకు సంఘమే తగిన సాధనము. శాసనము తలుపు తెరచును గాని, లోపలికి నడువవలసినవారము మనమే.

7. మరువరాని హెచ్చరిక

పొగాకునుగూర్చి వ్రాయునప్పుడు సత్యమును దాచుట పాపము. చుట్ట ఎంత మేలురకపుదైనను దేహమునకు కీడే చేయును. చుట్టపొగవలన నోటికిని, గొంతునకును, ఊపిరితిత్తులకును పుట్టకురుపులు వచ్చునని వైద్యులు నిర్ణయించియున్నారు. మన ఉత్తరపు కోస్తాజిల్లాలలో నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటు స్త్రీలలో మిక్కిలిగ నుండెను. అంగిలిమీద పుట్టకురుపునకు అది కారణమగుట వైద్యపరిశోధనలలో స్పష్టమయ్యెను. ఆకు కోయువారికిని అపాయము కలదు. మంచుతో తడిసిన పచ్చియాకును తాకినచో దానియందలి విషము చర్మముగుండ ఎక్కి వాంతులు, తలత్రిప్పుట కలిగించును. కోతపనికి బాలురను, గర్భిణీస్త్రీలను పంపరాదు.

2003లో మన దేశమున పొగాకు ప్రకటనలను నిషేధించు శాసనము వచ్చెను. అదే సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆధ్వర్యమున దేశములు చేసికొన్న పొగాకు ఒడంబడికలో, పొగాకు రైతులకు బదులు జీవనమార్గములు చూపవలెనను నిబంధన కలదు. భారతదేశము 2004లో దానిని అంగీకరించెను. పొగాకు త్రాగువారి సంఖ్య తగ్గించుటయే లోకప్రభుత్వముల ఉద్దేశము. కాబట్టి ఒక్క పొగాకుమీదనే ఇల్లంతయు నిలుపుకొన్న రైతు ఇసుకమీద గోడ కట్టినవాడగును. గాలివాన భయమును కలదు. 2022 సెప్టెంబరులో ఇయన్ అను తుఫాను పినార్ దెల్ రియో మండలముపై విరుచుకుపడి, వేలకొలది ఆరుదల పాకలను కూల్చివేసెను. రొబాయినా కుటుంబపు తోటయు నష్టపడెను. తీరపు జిల్లాల మనకు ఆ దుఃఖము తెలియనిది కాదు.

ఈ పాఠమునందలి సారము పొగాకునకే చెందినది కాదు. మిరప, పసుపు, మామిడి, అల్లము, ఏ పంటకైనను ఇది వర్తించును.

8. చేయదగిన పనులు

మొదటిది, ఏరుట. పైన మంచి ఆకు పెట్టి లోపల నాసిరకము దాచిన కట్ట ఒక్కటి దొరకినచో, కొనువాడు తక్కిన నూరు కట్టలకును ధర తగ్గించును. ఆ నష్టము చేసినవానికే కాక ఊరికంతకు తగులును. తూకము హెచ్చుటకై నీళ్ళు చల్లిన సరకు బూజుపట్టి, కొన్నవాని కొట్టములో సంఘముపేరును చెఱచును. కావున సంఘము తరగతులను వ్రాతమూలకముగ నిర్ణయించి, సభ్యుల సరకును ఒకే చోట ఏర్పింపవలెను.

రెండవది, ఓపిక పట్టుటకు వలయు డబ్బు. మాగినకొలది సరకునకు విలువ హెచ్చునని ఎరిగియు రైతు కళ్ళములోనే అమ్మును. ఏలయన శిస్తును, అప్పును, పిల్లపెండ్లియు ఆగవు. కొట్టులో నిలువచేసిన సరకుమీద సంఘము బదులిచ్చినచో రైతునకు ఓపిక పట్టు శక్తి కలుగును. ఓర్పు గుణముమాత్రమే కాదు. దానికి పెట్టుబడియు కావలెను.

మూడవది, గుర్తు. మూటమీద ఊరి పేరు, సంఘము పేరు, తరగతి, సంవత్సరము, ఒప్పగించిన సభ్యుని నంబరు వ్రాయవలెను. మంచిదైనచో మెప్పు ఎవరిదో, చెడ్డదైనచో తప్పు ఎవరిదో తెలియును. తన నంబరున్న మూటలో నాసిసరకు పెట్టుటకు మనుష్యుడు వెనుదీయును.

నాలుగవది, పద్దు. చివరి ధర ఎంత, కర్చు ఎంత, సభ్యునికి ముట్టిన దెంత అను మూడు అంకెలును ప్రతి అమ్మకము తరువాత సంఘపు గోడమీద వ్రాసి యుంచవలెను.

సంఘ సమావేశములందు చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరి పంటలలో పేరుతో అమ్మదగినది ఏది? దాని మేలును కొనువానికి ఋజువు చేయుట యెట్లు?

2. గడచిన పంటలో మన సరకు ఏ కారణముచే తక్కువ తరగతికి దిగెను? కోతయందా, ఆరుదలయందా, నిలువయందా?

3. పేరు సంఘముదైనప్పుడు ఒక సభ్యుడు నమ్మకము చెఱచినచో చేయవలసిన దేమి?

4. పొగాకు వేయుచున్న సభ్యులు ఏ కొంత భూమిని ఏ బదులుపంటకు మార్పవచ్చును?

రొబాయినా పేరు పెట్టెమీదకి ఎక్కుటకు ముందు నూటయేబది సంవత్సరములు ఆ కుటుంబము మొగ్గలు త్రుంచుచు, పిలకలు గిల్లుచు, పాకతలుపులు తెరచుచు మూయుచు వచ్చెను. మనకు అంత కాలము పట్టనక్కరలేదు; పదిమందిమి కలిసినచో పని త్వరపడును. కాని మొదటి కట్టలో నాసి ఆకు దాచిన దినమున ఎన్ని సంవత్సరముల శ్రమయైనను వృథయగును. వచ్చు కోతకు సంఘసభ్యులు ఈ యొక్క విషయమున మాట ఇచ్చికొందురుగాక.